వేయించిన శనగలు

ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. ముక్కలైపోయిన బిస్కెట్లను వారానికోసారి పనివాళ్లకు ఊరికే ఇస్తారు. ఆ సంచీ మోసుకొచ్చి రేకు డబ్బా నింపడం పెళ్లైన కొత్తలో మొదలైంది. మొగుడికి షుగరు వచ్చాక కూడా ఆగలేదు. అతను ముందుగదిలో ఇస్త్రీ చేస్తాడు. చొక్కాకీ చొక్కాకీ మధ్య చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయేది.

చలికాలంలో అతని కుడికాలి చిటికెనవేలు తీసేశారు. నోరు కట్టుకోకపోతే ఈసారి పాదం పోతుందన్నాడు డాక్టరు.

ఆ వారం ఆమె సంచీ ముట్టుకోలేదు. డబ్బా కడిగి, తుడిచి, వేయించిన శనగలు పోసింది. పక్కన పళ్లెంలో కీరా ముక్కలు పెట్టింది.

"ఇదేంటే, గుర్రానికి పెట్టినట్టు?"

"గుర్రానికి నాలుగు కాళ్లున్నాయి. నీకున్నవి రెండే. తిను."

కూతురు పకపకా నవ్వింది. నవ్వుతూనే గుప్పెడు నోట్లో పోసుకుంది. అతనూ తిన్నాడు.

మర్నాటినుంచి డబ్బా ఇట్టే ఖాళీ అవుతూ వచ్చింది. మా ఆయన దారిలో పడ్డాడని ఫ్యాక్టరీలో పక్కామెతో చెప్పుకుంది. వేలు తీసిన చోట పుండు మాత్రం మానలేదు. పక్కవేలు నల్లబడింది. రక్తపరీక్ష చూసి డాక్టరు చీటీ బల్లమీద పడేశాడు. షుగరు ఇంకా పెరిగింది.

"ఏం తిన్నావయ్యా?" అంది ఆసుపత్రి మెట్లమీద.

"సందు చివర క్రీము బన్ను. రోజూ తినేదే." అతను దాచలేదు. "కానీ ఇంటికొచ్చి నీ శనగలు తిన్నాగా. రెండు బన్నులు తిన్నరోజు రెండు గుప్పెళ్లు తిన్నా. విరుగుడు కాదూ?"

"విరుగుడని ఎవరు చెప్పారు?"

"నేనూ అంతే అనుకున్నానమ్మా," అంది కూతురు మెల్లగా.

ఆమె మొగుణ్ణి తిట్టడానికి నోరు తెరిచింది. అతని ముఖంలో దొంగతనం లేదు. మాట విన్న మనిషి ముఖం అది. దొంగతిండి అయితే పోట్లాడేది. దీంతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు.

శనగలు బన్నుకి విరుగుడు కావని బస్సులో మొదటినుంచీ విడమరిచి చెప్పింది. అతను ప్రతి మాటకీ తలూపాడు. భయపడ్డాడు కూడా.

ఇంటికి రాగానే కాలు స్టూలు మీదికి చాపి, దోసిలి పట్టాడు.

"ఇవాళ కాస్త ఎక్కువ పొయ్యవే. ఈ పాదం నిలబడాలి."

ఆమె పోసింది.