ఇస్త్రీ వదిన మేడ మీటింగులు

మా ఇస్త్రీ వదిన మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. మెట్ల కింద బల్ల వేసుకుని మూడంతస్తుల బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. చెవులు మాత్రం చేటలంత! పక్క వీధిలో చెంచా పడ్డా ఇక్కడ ఇస్త్రీపెట్టె ఆగిపోతుంది. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లందర్నీ మేడ మీద పోగేసి తలుపు గడియ పెడితే ఊరుకుంటామా? చీటీలంది టీచరమ్మ. తన మీద కుట్రన్నాడు ఇంటి ఓనరు.

ఉండబట్టలేక నేనూ, టీచరమ్మా మేడెక్కి తలుపు తట్టాం. చీటీల్లేవు, కుట్రల్లేవు. మహిళా కేంద్రంలో తను నేర్చుకున్నది వదిన అందరికీ చెబుతోంది.

"పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే టీవీ సౌండు పెంచకండమ్మా. ఇద్దరు కలిసి వెళ్లి బెల్లు కొట్టండి. తీర్పులు చెప్పొద్దు. స్క్రూడ్రైవరుందా అనో, ఏదో ఒకటడగండి. ముందు వాడి చెయ్యి ఆగాలి. తర్వాత ఆ పిల్ల ఒంటరిగా దొరికినప్పుడు నీకేం కావాలని అడగండి. మన సలహాలు మన దగ్గరే ఉంచుకోండి."

ఇదంతా రెండో అంతస్తు డ్రైవరు పెళ్లాం కోసమని అందరికీ తెలుసు. ఆ పిల్లకి అక్క దగ్గరికి వెళ్లిపోవాలని ఉంది. అతను ఇంట్లో ఉంటే గుమ్మం దాటనివ్వడు, బయటికెళ్తే తాళం పెట్టుకుపోతాడు.

ఆ సాయంత్రమే పైన గిన్నెలు ఎగిరాయి. టీచరమ్మ, పక్కింటావిడ వెళ్లి స్క్రూడ్రైవరడిగారు. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఈసారి వెళ్లినవాళ్లు అడిగిందీ స్క్రూడ్రైవరే! ఆ తర్వాత చేతికర్ర టకటకలాడిస్తూ ఓనరు తల్లి ఎక్కింది. ఆవిడా అదే!

"బిల్డింగు మొత్తం ఊడిపోతోందా ఏంటి?" అని డ్రైవరు గయ్యిమన్నాడు. అప్పుడు వెలిగింది అతనికి, ఇదంతా వదిన పనేనని. తలుపు బార్లా వదిలేసి, కళ్లలోంచి నిప్పులు కురిపిస్తూ దడదడా కింద ఇస్త్రీ బల్ల దగ్గరికి దిగాడు.

"ఏమ్మా, నా కొంప మీద నిఘా పెట్టావా?"

వదిన వణకలేదు, బొంకలేదు.

"నిఘా దేనికి తమ్ముడూ? నువ్వు కొట్టేది మా అందరికీ వినిపిస్తూనే ఉందిగా."

"నా పెళ్లాం, నా ఇష్టం!"

"ఏదీ, ఆ మాట ఇంకోసారి అను. అందరం వింటున్నాం."

అతను చుట్టూ చూశాడు. మెట్ల మీద, వరండాలో, గేటు దగ్గర అన్నీ తెలిసిన మొహాలే. ఎవరూ తల దించుకోలేదు. చాడీలు ఎవరు మోశారు, ఎవరు చెప్పారని ఒక్కొక్కర్నీ నిలదీస్తూ అరుస్తున్నాడు. ఆ అరుపుల్లో తన వెనకాల మెట్లు దిగుతున్న అడుగులు అతనికి వినపడలేదు. ఓనరు తల్లి కొంగు చాటున ఆ పిల్ల, చంకలో సంచీతో, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటింది. టీచరమ్మ పిలిచిన ఆటో అక్కడే ఉంది.

ఆటో మలుపు తిరిగేదాకా వదిన అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.