తిన్నాక వేసుకునే బిళ్ళలు

కొబ్బరినూనె సీసా కోసం గూట్లో చెయ్యి పెట్టిన ఆదెమ్మకు కోడలి బిళ్ళల అట్ట తగిలింది. తీసి చూసి అక్కడే చతికిలబడింది. ఉపవాస ప్రార్థన మొదలైన ఆదివారం నుంచి అందులో ఒక్క బిళ్ళా తీయలేదు.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ, "తిన్నాకే వేసుకోవాలి, మధ్యలో మానకూడదు" అని చెప్పింది. కోడలు లిడియాకు నయం కావాలని ఇంటిల్లిపాదీ రోజూ పొద్దుగూకేదాకా ఉపవాసం పట్టారు. పొద్దుటి తిండి లేదు కనుక పొద్దుటి బిళ్ళా లేదు. "ప్రభువు చూసుకుంటాళ్ళే అమ్మా" అంటూ కోడలి పళ్ళెం తీసేసింది తానే.

"లిడియా!"

పలుకు లేదు. మంచం మీద దుప్పటి మడిచి ఉంది. నెలల తరబడి మడత ఎరగని దుప్పటి. అది చూడగానే ఆదెమ్మ పెరటి తలుపు తీసి చూసింది. అక్కడా లేదు.

దర్శి దగ్గరి ఆ పల్లెలో మిరపకోతల ముఠాకు ఆదెమ్మ మేస్త్రి. పోయిన వానాకాలం నుంచి లిడియా తల దువ్వుకోవడం మానేసింది. నిద్ర లేదు, నవ్వు ఊసే లేదు. గాలి సోకిందని కొందరు, పని ఎగ్గొట్టే వేషాలని కొందరు అన్నారు. డాక్టరమ్మ మాత్రం, "ఇది జబ్బమ్మా, డిప్రెషన్ అంటారు. బద్ధకం కాదు, భక్తి తక్కువై రాలేదు. మందులతో పాటు పొద్దుటెండలో నడిపించండి. నలుగురిలో ఉంచండి, చేతనైన పని చెప్పండి. ఒంటరిగా వదలొద్దు" అంది.

అప్పటినుంచి ఆదెమ్మ కోడల్ని రోజూ తనతోపాటు చేలోకి నడిపించింది. కోతలో లిడియా వెనకబడితే, పక్క సాలులోని హనుమాయమ్మ ఏమీ అనకుండా వంగి, ఈమె సాలులోని కొన్ని చెట్ల కాయలు తానే కోసి వరసలోకి తెచ్చేది. మెల్లగా నిద్ర పట్టసాగింది. ఒకరోజు పచ్చడి మెతుకులు అడిగి పెట్టించుకుంది కూడా. ఆ సంబరంలోనే, మిగిలిన జబ్బూ పోవాలని ఆదెమ్మ ఉపవాసం తలపెట్టింది.

కొడుకు ఏసోబు మిరపకాయలు కుక్కిన టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్ళాడు. పురుగుమందులు దాచే కొట్టుగదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. "స్తోత్రం దేవా" అనుకుంటూ ఆదెమ్మ వీధిలోకి పరుగెత్తింది.

ఆటో తుడుచుకుంటున్న పీరు నవ్వాడు. "ఏంది పెద్దమ్మా ఆ పరుగు? బర్రె తెంచుకుందా?"

"పిల్ల కనపళ్ళేదు పీరూ!"

అతని నవ్వు ఆగిపోయింది. "కాలవ వైపు పోతంటే చూశా. చేలోకేమో అనుకున్నా. ఎక్కు, ఎక్కు."

సాగర్ కాలవ గట్టు అంచున లిడియా చెప్పులు విడిచి కూర్చుని ఉంది. కిందే నీళ్ళు ఉరవడిగా పోతున్నాయి. పీరు ఆటోను దూరంగానే ఆపాడు. ఆదెమ్మ అరవలేదు. గడ్డి మీద మెల్లగా నడిచి వెళ్ళి, కోడలి పక్కన కూర్చుని, ఆమె కొంగు తన చేతికి చుట్టుకుంది.

"చచ్చిపోవాలనుందా అమ్మా?"

"ఉందత్తా." లిడియా తల తిప్పలేదు. "నా కోసం అందరూ పస్తులుంటున్నారు. అయినా నాకు తగ్గలా. దేవుడిక్కూడా నేనక్కర్లేదేమో."

ఆదెమ్మ కొంగును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "నిన్ను పస్తు పెట్టమని దేవుడు చెప్పలేదే. నీ నోటికాడ కూడూ, బిళ్ళా తీసేసింది మీ అత్త. ఆయన మీదికి నెట్టమాక."

లిడియా ముందుకు వంగింది. కొంగు బిగిసింది.

"నన్నొదులత్తా."

"వదల్ను. మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడమాక. నేనూ కూర్చుంటా."

వెనక నుంచి పీరు తన క్యారేజీ తెచ్చి గడ్డి మీద పెట్టాడు. "మా అమ్మ కట్టిచ్చింది. మీ ఉపవాసం మా మసీదులో చెల్లదు గానీ, ముందు తినండి."

ఆదెమ్మ రెండో చేత్తో ముద్ద కలిపి తానే ముందు తిని, తర్వాతి ముద్ద కోడలి నోటికి అందించింది. చాలాసేపు ఆ చెయ్యి గాల్లోనే ఉంది. చివరికి లిడియా నోరు తెరిచింది. నమలలేక, అత్త భుజం మీద తల వాల్చి భోరున ఏడ్చింది.

పీరు ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "ఒక్క నిమిషం కూడా వదలకుండా వెంటనే తీసుకురండి" అన్నారు. ఒంగోలులో లిడియాను చేర్చుకుని మందులు మళ్ళీ మొదలుపెట్టారు.

ఆదెమ్మ ఆసుపత్రి వరండాలోంచి తమ పల్లె పాస్టరు గారికి ఫోన్ చేసింది. "అయ్యగారూ, మేం ఉపవాసం విడిచేశాం. ప్రార్థన మాత్రం ఆపొద్దండి. ప్రార్థన కూటానికొచ్చే వాళ్ళని వంతులేసుకునొచ్చి పిల్ల పక్కన కూర్చోమనండి."

అవతల పాస్టరు గారు ఇంట్లోవాళ్ళని కేకేయడం వినపడింది.

"మొదటి వంతు మాదమ్మా," అన్నాడాయన. "బయల్దేరుతున్నాం. పిల్లకి ఏం వండుకు రమ్మంటావు?"