గోటి మీటు

లేతు మేస్త్రి ఫ్రెంచ్ హారన్ అనే బాకాకు, పెదవులకు ఆనించి ఊదే ఇత్తడి మౌత్‌పీసులు చెక్కుతాడు. బరువెక్కువైతే స్వరం ఆలస్యంగా పలుకుతుంది, మరీ తగ్గితే గట్టిగా ఊదినప్పుడు చీలిపోతుంది. అందుకే లోహాన్ని మంట మీద కాచి, నిదానంగా చల్లార్చి, వెంట్రుకవాసి గీసి, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాడు. మోగితే ఆపుతాడు, త్రాసు ముట్టడు. మొన్న బావమరిది ముప్పై ఏళ్లుగా ఊదుతున్న తన మౌత్‌పీసు తెచ్చి, బరువు కాస్త తగ్గించమన్నాడు. బ్యాండులో అతను ఉండాలో పోవాలో తేల్చే పరీక్ష మర్నాడే. మేస్త్రి గీశాడు, మీటాడు, తల అడ్డంగా ఊపాడు; అలా నాలుగుసార్లు.

"బావా, మొదటి మీటుకే మోగింది. పూర్తిగా అరగదీస్తావా ఏంటి?"

మేస్త్రి తలెత్తలేదు. బావమరిది భుజం తట్టి మళ్ళీ చెబితే, దాన్ని పళ్ల మధ్య కరిచిపట్టి మీటాడు. పళ్లు జివ్వుమన్నాయి. చెవికి ఏమీ అందలేదు. బల్ల మీది ఇత్తడి రజను వంక కాసేపు చూశాడు.

"రేపు గట్టిగా ఊదకు," అన్నాడు, మెల్లగా చెబుతున్నాననుకుని, గది దద్దరిల్లేలా.