మాణిక్యం లాగిన చిత్రిక

సొలొమోనుకి కోపం ఎక్కువ, మాట తక్కువ. ఆ ఉన్న కాస్త మాటలూ చిత్రికల గురించే. వన్ టౌన్లో కొండవారగా ఉన్న సందులో వాళ్ళ ఇల్లు. ముందు రేకుల షెడ్డు, అందులో పని బల్ల, గోడకి వరసగా కొయ్య చిత్రికలు, అన్నీ ఆయన సొంతంగా చేసుకున్నవే. చెక్కని నున్నగా గీసే చిత్రిక బజార్లో ఇనుపది దొరుకుతుంది, కరెంటుతో నడిచేదీ దొరుకుతుంది. ఆ మాట ఎవరైనా అంటే చాలు, ఒళ్ళు మండేది మనిషికి. ఎవడో చేసినదాంతో నేను పనిచెయ్యడమేంటి, వాడి చెయ్యి నా చెయ్యి ఒకటా అనేవాడు.

తుమ్మ చేవ తెచ్చి, నీడలో ఏళ్ళకేళ్ళు ఆరబెట్టి, ఉలితో నోరు తొలిచి, అందులో దిగే బ్లేడు వాలు తనే చూసుకునేవాడు. బ్లేడు కూడా కొన్నది కాదు. ఆటోనగర్ వెళ్ళి విరిగిన లారీ కమాన్ పట్టీ ఏరుకొచ్చి, కొలిమి దగ్గర కూర్చుని సాగగొట్టించుకునేవాడు. ఇంత గొడవెందుకయ్యా అని భార్య మాణిక్యం అడిగితే, నీకేం తెలుసు ఊరుకో అనేవాడు. నిజానికి ఆవిడకి చాలానే తెలుసు.

ఎందుకంటే పెద్ద చిత్రికకి ఇద్దరు మనుషులు కావాలి. వెనక పిడి పట్టుకుని తోసేవాడొకడు, ముందున్న అడ్డకర్ర పట్టుకుని లాగేవాడొకడు. తోసేవాడిది పని, లాగేవాడిది సాయం అని వడ్రంగుల లెక్క. మాణిక్యం హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెటూరి నుంచి కాపురానికొచ్చిన కొత్తలో, ఆయన దగ్గర లాగే మనిషి మానేశాడు. వేరే ఎవరైనా అయితే కొత్త పెళ్ళాన్ని సినిమాకి తీసుకెళ్తారు. ఈయన బల్ల దగ్గరకి తీసుకెళ్ళి అడ్డకర్ర చేతిలో పెట్టాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళై వెళ్ళారు. ఆవిడ వంటా చేసింది, చిత్రికా లాగింది. ఎదురెదురుగా నిలబడి చేసే పని కాబట్టి, ఆయన మొహం ఆవిడ చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు.

నిరుడు ఎండాకాలంలో ఒక పొద్దున సొలొమోను పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోబోయి ఆయనే పడ్డాడు. పక్షవాతం. దేవుడి దయవల్ల మాట తిరిగొచ్చింది, కాలు ఈడుస్తూనైనా నడిచాడు. కుడి చెయ్యి మాత్రం ఉండీ లేనట్టే. వేళ్ళు ముడుస్తాడు, ఖాళీ గ్లాసు పట్టుకుంటాడు, అంతే. డాక్టరు మాణిక్యాన్ని వరండాలోకి పిలిచి, ఈ చేతికి మళ్ళీ బలం రాదమ్మా, వేరే పనేదైనా చూసుకోమనండి అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి, క్రిస్మస్ కల్లా మామూలైపోతుందట అని చెప్పింది.

ఇంటికొచ్చాక ఆ మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. కోప్పడటం కూడా మానేశాడు. మాణిక్యానికి అదే భయమేసింది. ఆ తిట్లు లేకపోతే ఇల్లు ఇల్లులాగే లేదు. ఉండబట్టలేక ఒకరోజు తనే బల్ల మీద చెక్క బిగించి, పెద్ద చిత్రిక దాని మీద పెట్టి, ఏమయ్యా, చేతికి ఎక్సర్సైజు చెయ్యమన్నారుగా, రా అని లాక్కొచ్చింది. సొలొమోను కుడి చేత్తో పిడి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి సాయం తీసుకోనని మొండికేశాడు. లాగు అన్నాడు. చిత్రిక కదల్లేదు. ఆయన మొహంలో రంగు పోవడం ఆవిడ ఎదురుగా చూసింది. చూసి తట్టుకోలేకపోయింది. బల్ల కాలుకి పాదం అదిమిపెట్టి, ఇద్దరి బలం తనొక్కతే పెట్టి లాగింది. జరజరా పొట్టు లేచింది. సొలొమోను ఆ పొట్టుని చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇంక నిజమెలా చెబుతుంది చెప్పండి.

అప్పట్నుంచి రోజూ అదే. ఆయన తోస్తున్నాననుకుంటాడు, ఆవిడ లాగుతుంది. మూలిగితే దొరికిపోతుందని పళ్ళు బిగించి నవ్వుమొహం పెట్టేది. ఎందుకే ఊరికే నవ్వుతావు అని ఆయన విసుక్కుంటే, ఆ విసుగుకే సంబరపడేది పిచ్చిది. మళ్ళీ ఇంట్లో తిట్లు మొదలయ్యాయి, కూరలో ఉప్పు తక్కువైంది, లోకం మామూలైంది.

ఆవిడ అనుకోనిది చర్చిలో జరిగింది. ఆదివారం పాటలయ్యాక, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం వాళ్ళ సంఘంలో అలవాటు. పెళ్ళినాడు ప్రమాణం చేసినప్పుడు తప్ప చర్చిలో నోరు తెరవని సొలొమోను ఆ రోజు లేచి నిలబడ్డాడు. రాదన్న చెయ్యి దేవుడు తిరిగిచ్చాడనీ, ఈ చేత్తోనే చిత్రిక తోస్తున్నాననీ చెప్పి, వణికే కుడి చెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాడు. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న మాణిక్యానికి నెత్తిన చెంగు కింద చెమటలు పట్టాయి. దేవుడి ముందు అబద్ధమాడింది ఆయన కాదు, నేను అనుకుంది. లేచి చెప్పెయ్యాలనిపించింది. చెబితే ఇంతమందిలో ఆ మనిషి తల ఎక్కడ పెట్టుకుంటాడని అలాగే కూర్చుండిపోయింది.

సంఘ పెద్ద జక్కయ్య గారు అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పే బల్ల పాతబడింది, కొత్తది దేవుడు తిరిగిచ్చిన చేత్తోనే చెయ్యాలి సొలొమోనూ అన్నారు. మర్నాటికి టేకు చెక్కలు ఆటోలో వచ్చి దిగాయి. గీసే పని వరకూ డిపోలో మిషను మీద చేయించుకుందామయ్యా అని మాణిక్యం నెమ్మదిగా అంటే, దేవుడి పని మిషనుతోనా అని కళ్ళెర్రజేశాడు. ఆ టేకు లాగీ లాగీ ఆవిడ కుడి భుజం పడిపోయింది. దండెం మీద బట్టలు ఆరెయ్యడానికి కూడా చెయ్యి లేవదు. బామ్ రాసుకుంటే వాసనకి అడుగుతాడని, ఉప్పు మూట కాపడంతో సరిపెట్టుకునేది.

అలా ఉండగా హనుమాన్ జంక్షన్లో ఆవిడ మేనత్త పోయింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, మట్టి చేసి, సాయంత్రానికి తిరిగొచ్చింది. సొలొమోను షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్ళో పెద్ద చిత్రిక తిరగేసి ఉంది. బల్ల మీద చెక్కకి ఒక్క గీత కూడా పడలేదు.

సంగతేంటంటే, ఆవిడ లేని రోజున ఒక్కడే నాలుగు తోపులు తోద్దామనుకున్నాడు. చిత్రిక కదల్లేదు. బ్లేడు మొండిదైందని సానబెట్టాడు. బ్లేడుని పట్టి ఉంచే చీల బిగిసిందని వదులు చేశాడు. అడుక్కి నూనె రాశాడు. చివరికి అడుగేమైనా వంకర పోయిందేమో చూద్దామని తిరగేసి, దాని మీద అద్దం ముక్క అంచు ఆనించి చూశాడు. కొయ్య చిత్రిక అడుగు పనితో అరుగుతుంది. తోసేవాడు అదిమిన చోట వెనక అరుగుతుంది, లాగేవాడి బరువు పడిన చోట ముందు అరుగుతుంది. జబ్బు పడటానికి ముందే దాన్ని ఆయన సమంగా సాపు చేసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ముందంతా అరిగిపోయి ఉంది. వెనక సగం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"వెనక ఎవరూ లేరు కదే" అన్నాడు సొలొమోను.

మాణిక్యం అక్కడే గుమ్మంలో కూలబడింది. తిడతాడని చూసింది, తిట్టలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. పెట్టింది తిన్నాడు, లేచి వెళ్ళిపోయాడు. జక్కయ్య గారు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆవిడ కాళ్ళావేళ్ళా పడింది, నీ కోసమే చేశానయ్యా అని ఏడ్చింది. ఆయన విన్నట్టే లేడు.

ఒకరోజు పొద్దున అటక మీద నుంచి తుమ్మ మొద్దు దింపమన్నాడు. అన్ని రోజులకి ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. బల్ల మీద మొద్దు బిగింపించి, ఎడమ చేత్తో ఉలి పట్టుకుని, సుత్తి ఆవిడకిచ్చాడు. కొట్టమన్నచోట ఆవిడ కొట్టింది, మెల్లిగా అంటే మెల్లిగా, ఆపు అంటే ఆపింది. నోరు తొలవడం చిత్రిక పనిలో కష్టమైన భాగం. వెంట్రుకంత ఎక్కువ పోయినా పొట్టు ఇరుక్కుంటుంది, చెక్క చీలుతుంది. అలాంటి పని ఎడమ చేత్తో చేస్తూ ఆయన నుదురంతా చెమట. ఆవిడకి ఒకటే దిగులు. నా సాయం అక్కర్లేకుండా ఒంటిచేత్తో తోసుకునేది చేసుకుంటున్నాడు, ఇంక నన్ను బల్ల దగ్గరికి రానివ్వడు అనుకుంది. అదే జరిగితే తను బతికి ఏం లాభం అని కూడా అనుకుంది.

బ్లేడు కూర్చుంది, చీల దిగింది. పిడి దగ్గరికొచ్చేసరికి సొలొమోను ఉలి పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని కొయ్య మీద పరిచి, వేళ్ళ చుట్టూ పెన్సిలుతో గీశాడు.

మాణిక్యం చెయ్యి లాగేసుకుంది. పిడి తను పట్టుకుంటే ఇంక ఆయన చెయ్యి రాదని తనే ఒప్పుకున్నట్టు. నాకొద్దు, నీ చేతికే చేసుకో, వస్తుంది, రాకపోవడమేంటి అంది.

"రాదని నాకు తెలుసు" అన్నాడాయన. "వరండాలో డాక్టరు నీకు చెప్పింది కిటికీలోంచి వినబడింది. కానీ ఆ రోజు నువ్వు లాగితే పొట్టు లేచింది చూడు. డాక్టరే పొరపాటు పడ్డాడనుకున్నాను."

ఇంతకంటే నాలుగు తిట్టినా బాగుండేదనుకుంది ఆవిడ. ఆయన మళ్ళీ ఆవిడ చెయ్యి తీసుకుని, అదే గీత మీద వేళ్ళు సరిగ్గా ఆనించి, మిగిలిన గీత పూర్తిచేశాడు.

కొత్త చిత్రికతో ఆవిడ తోసింది, ఆయన ఎదురుగా నిలబడి ఎడమ చేత్తో లాగాడు. మొదట్లో బ్లేడు ఎగిరెగిరి పడి టేకు మీద గంట్లు పడ్డాయి. మొదలెట్టేటప్పుడు ముందు అదుము, చివరికొచ్చేటప్పుడు వెనక అదుము, ఇన్నేళ్ళు చూసి నేర్చుకుందిదేనా అని అరిచాడు. తోసినప్పుడల్లా ఆవిడ భుజంలో కత్తి దిగినట్టుండేది. ఇప్పుడు మొహం చూసేది ఆయన. చూసి, ఆ రోజుకి పని ఆపేశాడు.

ఆదివారం చర్చిలో పాటలయ్యాయి. సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి అన్నారు పాస్టరు గారు. మగవాళ్ళ వైపు సొలొమోను కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. చప్పట్లకి సిద్ధమైనట్టు అందరూ వెనక్కి తిరిగారు.

"పోయినసారి నేను చెప్పింది నిజం కాదండీ" అన్నాడు. "నా చెయ్యి రాలేదు. ఇంక రాదు. చిత్రిక నడిచింది మా ఆవిడ లాగితే. వాక్యం చెప్పే కొత్త బల్ల చేసేది కూడా ఆవిడే, నేను పక్కనుంటాను. దానివల్ల ఆవిడ భుజం పడిపోయింది. ఆ భుజం కోసం ప్రార్థన చెయ్యండి."

కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. జక్కయ్య గారు బైబిలు తెరిచి, చదవకుండా అందులోకే చూస్తూ ఉండిపోయారు. పాస్టరు గారు తేరుకుని, ప్రార్థన చేద్దాం అన్నారు. తలలన్నీ వంగాయి. పక్కనున్న ఆడమనిషి మాణిక్యం భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళ భారం దిగిపోయిందని ఆవిడకి తేలిగ్గా ఉండాలి నిజానికి. కానీ ఇప్పటిదాకా ఆయన చెయ్యి రాదన్న సంగతి వాళ్ళిద్దరిదే. ఇప్పుడు అందరిదీ అయిపోయింది, ఇంక ఎవరూ అది వస్తుందని ఎదురుచూడరు. అందరూ ఆవిడ భుజం కోసం ప్రార్థన చేస్తుంటే, ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని, ఆ చెయ్యి కోసం ఏడ్చింది.