ఓడినవాడి వేలిముద్ర

మామ పోయాడని మొన్న పొద్దున ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజంతా నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. డెబ్బైల్లో ఒమన్‌లో, అంటే మా ఊళ్లో అందరూ మస్కట్ అనే దేశంలో, రుస్తాఖ్ అనే చోట ఒకే ఊరివాళ్లం తొమ్మిదిమందిమి ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. వరసకు నాకే మామ గానీ, అందరూ మామా అనే పిలిచేవాళ్లు; రూమ్ మొత్తానికీ ఆయనే పెద్దదిక్కు.

సైట్‌లో ఇటుకలు మోసినా, పుట్టింది గొర్రెలు కాసే ఇంట్లో. దారిలో మేక కనిపిస్తే చాలు, నోరు తెరిచి పళ్లు చూడందే కదిలేవాడు కాదు. మేకల యజమాని నవ్వేవాడు, మాకేమో డ్యూటీకి ఆలస్యమయ్యేది. "పండ్లు జూస్తె ఈడు దెలుస్తది రా. నీ మీసాలు జూసి మోసపోయినట్టు ఉండది" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఒకసారి సర్పంచ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఊరుమ్మడి బీడులో చాలామటుకు అమ్మి, ఆ డబ్బుతో బడి కట్టాలా వద్దా అని ఊళ్లో ఓట్లేస్తే సరిసమానంగా వచ్చాయట. మస్కట్ పోయిన మా ఓట్లతో తేల్చుకుంటామన్నారు. మామ గొర్రెలు మేసేది ఆ బీడులోనే. అది పోతే ఇంటి దగ్గర అత్త మందను అమ్ముకోవాల్సిందే. నేనేమో బడి పక్షం. పొరుగూరి బడికి అంతదూరం పంపలేక అమ్మ మా చెల్లెల్ని ఇంట్లోనే కూచోబెట్టింది.

శుక్రవారం అన్నాలు తిన్నాక పాలడబ్బాలో ఓట్లేశాం. అమ్మాలంటే ఖర్జూరం గింజ, వద్దంటే గులకరాయి. మామ తన రాయిని అందరికీ చూపించి మరీ వేశాడు. డబ్బా బోర్లిస్తే గింజలు ఐదు, రాళ్లు నాలుగు.

గెలిచానన్న సంతోషం నాకు లేదు. ఆయన ముఖం చూడలేకపోయాను. "మామా, ఇంకోపారి ఏద్దామా?" అన్నాడు మాలో ఒకడు.

మామకు కోపం వచ్చింది. "నేను గెలిస్తె గిట్లనే అడుగుదువా? రాయ్ రా ఉత్తరం. అందరికంటె ముందుగాల నా ఏలిముద్ర తీస్కో. ఓడినోడు ఒప్పుకుంటెనే ఊరు ఒప్పుకున్నట్టు."

అంత పెద్దమనసు తర్వాత చదువుకున్నవాళ్లలోనూ నేను ఎక్కువగా చూడలేదు. ఆయన పక్కన నాలుగేళ్లు బతకడం నా అదృష్టం.

మంద అమ్ముడుపోయి నాలుగు గొర్రెలు మిగిలాయి. బీడులో మిగిలిన మూలన బడి లేచింది. నేను సెలవు మీద ఊరికి వెళ్లేసరికి మామ మస్కట్ మానేసి ఇంటి దగ్గరే ఉన్నాడు. పొద్దున్నే చూద్దును కదా, ఆ నాలుగు గొర్రెలూ అలవాటు కొద్దీ బడి వైపే పోతున్నాయి. ఊరంతా వినపడేలా మందను అదిలించే మనిషి, బడి వాకిలికి అడ్డంగా చేతులు చాచి, నోరు విప్పకుండా వాటిని మోకాళ్లతో నెడుతున్నాడు. నేను పలకరించబోతే పెదవుల మీద వేలు పెట్టాడు.

"సప్పుడు జెయ్యకు. నీ చెల్లె సదువుతుంది."