బిళ్లలు బల్లమీదికి!

మా తాత ఎవరిస్టోకి బొయాకా కొండల్లో ఒక తేహో ఆటశాల ఉండేది. బంకమట్టిలో తుపాకిమందు పొట్లాలు పెట్టి, దూరం నుంచి ఇనుప బిళ్ల విసిరితే ఢామ్మని పేలాలి. పేలినా, పేలకపోయినా బీరు తాగాలి. చేతిలో ఇనుము, కడుపులో బీరు ఉన్నవాళ్లతో వ్యాపారం కాబట్టి అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి గొంతు లేచినా తాత "బిళ్లలు బల్లమీదికి!" అని అరిచేవాడు. ఎంత తాగినవాడైనా బిళ్ల తెచ్చి తాత ముందు పెట్టి, కోపం చల్లారాకే తీసుకోవాలి.

ఆటకొచ్చేవాళ్లలో తాతకు బెలార్మీనో ఒక్కడే పడేవాడు కాదు. భార్య లేదు, మీసం ఉంది. నాయనమ్మ కాచిన ఎముకల పులుసు తాగి, "ఒతీలియమ్మా, ఈ చేతికి దండం పెట్టాలి" అనేవాడు. ఆవిడ నవ్వేది. తాత ఆ పులుసు తాగే ముసలివాడయ్యాడు గానీ, బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఆ నవ్వు వినపడితే మాత్రం చేతిలో గ్లాసు తుడవడం ఆపేసేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం బెలార్మీనో లారీ తోలే దామాసోను కెలికాడు.

"నీ బిళ్ల కంటే నీ లారీ నయంరా. అదైనా అప్పుడప్పుడు దేనికో ఒకదానికి తగులుతుంది."

దామాసో లేచాడు. అందరూ తాత కేక కోసం చూశారు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ పులుసు గిన్నె పెట్టి, బెలార్మీనో భుజం మీద చెయ్యేసి, "ఊరుకోవయ్యా" అంటోంది. కేక తాత గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. 'కాసిని దెబ్బలు తిననీ' అనుకున్నాడు. నాయనమ్మ చెయ్యి తీసిందో లేదో, దామాసో బిళ్ల ఆ భుజాన్నే విరిచింది.

బెలార్మీనో తాత మీద కేసు వేశాడు. చట్టం ప్రకారం తాగినవాళ్ల గొడవ తాగినవాళ్లదే. కానీ గొడవ ముదురుతోందని చూసి, ఆపగలిగీ ఆపకపోతే యజమాని పూచీ పడాలి. ఓడితే ఆటశాల అమ్మాల్సిందే. అందుకని తాత కోర్టులో, "నేను వెనక బీరు పెట్టెలు సర్దుతున్నానమ్మా, ఏమీ చూళ్లేదు" అన్నాడు. జడ్జమ్మ నమ్మేలాగే ఉంది.

బెలార్మీనో కట్టు కట్టిన భుజంతో లేచాడు. "ఆ పూట ఒతీలియమ్మ నాకు తన చేత్తో పులుసు తాగించిందండీ."

"అబద్ధం!" తాత బెంచీ మీంచి ఎగిరి లేచాడు. "గిన్నె పెట్టింది, అంతే! చెయ్యి వేసింది భుజం మీద! దామాసో బిళ్ల ఎత్తేదాకా తియ్యనే లేదు!"

జడ్జమ్మ కలం కింద పెట్టింది. "బీరు పెట్టెల వెనకనుంచి బాగానే కనపడిందే, ఎవరిస్టో గారూ."

నాయనమ్మ శాలువా మొహానికి అడ్డం పెట్టుకుంది. "ఈయన కళ్లెక్కడుంటాయో ఊరందరికీ తెలుసమ్మా."

చివరికి జడ్జమ్మే రాజీ కుదిర్చింది. ఆటశాల నిలిచింది. వైద్యం ఖర్చు తాత మెల్లమెల్లగా తీర్చాలి, భుజం అతికేదాకా బెలార్మీనోకు భోజనం పంపాలి. మర్నాడు నాయనమ్మ గిన్నె అందుకోబోతే తాత లాక్కున్నాడు.

"నువ్వెందుకు? నాకు కాళ్లు లేవా?"

రోజూ మధ్యాహ్నం బెలార్మీనో ఇంటికి కొండ తనే ఎక్కేవాడు.

"ఎవరిస్టో అన్నా, పులుసు రోజురోజుకీ తగ్గుతోందేం?" అని బెలార్మీనో అడిగేవాడు.

"ఎండకి ఇగిరిపోతోంది" అనేవాడు తాత.

ఒకరోజు ఖాళీ గిన్నె దించుతూ తాత గొణిగాడు. "పులుసు బాగుంది."

నాయనమ్మ వెనక్కి తిరిగింది. "వాడన్నాడా?"

"వాడెవడు అనడానికి? నేనంటున్నా."