పేరు మార్చి, ఇల్లు చూపించాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయలేక చెబుతున్నానని అనుకోకండి. నేను గట్టివాడినే, ఇంకా చాలా ఏళ్లు మోయగలను. ఇక మోయడం ఇష్టం లేక మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కుప్పంలో సోషియాలజీ ఎం.ఏ. చదివాను. మదనపల్లెలో మా వీధివాళ్లకు అదొక చదువులాగే కనిపించలేదు. "ఊర్లో సంగతులు తెలుసుకునేదానికి ఎం.ఏ. యాలప్పా, టీ అంగట్లో కూర్చుంటే సాలదా?" అని ఎగతాళి చేసేవారు. నేను మాత్రం ఆ చదువును నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. నాతో చదివినవాళ్లలో ఒకరు లెక్చరర్, ఒకరు ఆస్పత్రిలో రోగుల కుటుంబాలకు ధైర్యం చెప్పే ఉద్యోగి, ఇంకొకరు ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల పునరావాసం చూస్తారు. నేను ఊళ్లలో సర్వేలు చేయిస్తాను. బాగా చేయిస్తానని పేరు కూడా ఉంది. తప్పు చదువుది కాదు, నాది.

ఫీల్డ్‌వర్క్ కోసం పుంగనూరు దగ్గర ఒక పల్లెకు వెళ్లేవాణ్ణి. అక్కడ టమోటా తోటల్లో కూలికి పోయే మునెమ్మ చాలా రోజులు నన్ను గమనించి, చివరికి నోరు విప్పింది. తోట యజమాని ఇంట్లో తమ కులంవాళ్లకు టీ గ్లాసు వేరుగా చూరులో దోపి ఉంటుందని, తాగాక తామే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలని చెప్పింది. "నా పేరు మాత్రం రాయొద్దప్పా. రేపు ఆ తోటలోకే గదా నేను పోవాల" అంది. సరేనన్నాను. రిపోర్టులో ఆమె పేరు మార్చాను. మా చదువులో మొదటి పాఠమే అది.

ఆ రిపోర్టు పట్టుకుని మదనపల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థకు ఉద్యోగానికి వెళ్లాను. అక్కడి సారు చదివి, "ఈ కాలంలో కూడా ఇట్లా ఉందా?" అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. నాకే ఉక్రోషం వచ్చింది. నా పని అబద్ధమంటాడా? "రండి సార్, చూపిస్తాను" అన్నాను. మిట్టమధ్యాహ్నం సంస్థ జీపులో సారును తీసుకెళ్లి మునెమ్మ గుమ్మం ముందు ఆపించాను. ఊరంతా చుట్టూ చేరింది. అందరి ముందూ ఆమె చేత గ్లాసు సంగతి మళ్లీ చెప్పించాను. ఆమె నా మొహం చూస్తూ చెప్పింది. అప్పుడు ఆ చూపు నాకు అర్థం కాలేదా? అయింది. అయినా ఆపలేదు. ఉద్యోగం వచ్చేసింది.

కొన్ని నెలల తర్వాత మునెమ్మ పుంగనూరు బస్టాండులో కనిపించింది. పక్కన మూటలు.

"ఉద్యోగమొచ్చిందంట గదప్పా?"

"వచ్చిందమ్మా."

"మంచిదే. నన్ను ఆ తోటలోకి రానీలేదు. ఊర్లో ఇంకెవురూ కూలికి పిలిసేది లేదు. కోలారు పక్క ఇటుకల బట్టీకి పోతాండాము. జీపు మా ఇంటికే యాల తెచ్చినావప్పా?"

"మా సారు తీసుకురమ్మన్నాడమ్మా. నేనేం చేసేది?"

"అట్లనా. పై వాళ్లు సెప్తే నువ్వేం సేస్తావులే. నీ తప్పేముండాది" అంది. కోలారు బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

నాకు క్షమాపణ దొరికింది కదా, ఇంకా ఏమిటి బాధ అని మీరు అడగవచ్చు. దొరికింది నాకు కాదు. పైవాడి మాట కాదనలేని ఒక చిన్న ఉద్యోగికి దొరికింది. అలాంటివాడు ఆ రోజు ఆ జీపులో లేడు. ఆమె ఊరూ పనీ పోగొట్టుకుని కూడా నన్ను ఓదార్చి వెళ్లిందంటే, అది నా అబద్ధాన్ని నమ్మి. ఆ తర్వాత ఆమెను వెతికితే దొరికేదేమో. వెతకలేదు. నిజం తెలిస్తే ఏమంటుందోనని సిగ్గుపడ్డాను, ఆ సిగ్గును పని ఒత్తిడి అని పిలుచుకున్నాను.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఎవరూ తీసుకురమ్మనలేదు మునెమ్మా. నేనే తెచ్చాను.